తుంటికి బలం... నడకకు నిలకడ

జుమా రోజున మీ మసీదులో వరుసల చివరలను ఒకసారి గమనించండి. పదేళ్ల క్రితం మా మొహల్లా మసీదులో ఒకటో రెండో కుర్చీలు ఉండేవి. అవి కూడా కాలు విరిగినవారి కోసమో, బాగా వయసు మళ్లినవారి కోసమో వేసేవారు. నేడు ఇరవైకి పైగా కుర్చీలు వేయవలసి వస్తున్నది. వాటిలో కూర్చునేవారందరూ వృద్ధులు కారు. నలభై అయిదు, యాభై ఏళ్లవారూ వారిలో ఉన్నారు. ఇవి కంటికి కనిపించే కుర్చీలు. మన ఇళ్లలో, లోపలి గదులలో, జానిమాజ్ పక్కన చేరిన కుర్చీలను ఎవరు లెక్కపెడుతున్నారు?

ఈ మాటను ఎవరినీ నొప్పించడానికి చెప్పడం లేదు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేసుకోవచ్చునన్న సడలింపు మన ధర్మంలో స్పష్టంగా ఉంది. అది అల్లాహ్ కారుణ్యం. దానిని వినియోగించుకునేవారిని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. అయితే మరొక ప్రశ్న మిగిలి ఉంది. ఏ శక్తిని ఇంకా కొన్నేళ్లు కాపాడుకోగలిగి ఉండేవారమో, ఆ శక్తిని మన అజాగ్రత్త వలన ముందుగానే పోగొట్టుకుంటున్నామా? ఈ ప్రశ్న మాకు పుస్తకాలలో ఎదురుకాలేదు, మా ఇంట్లోనే ఎదురైంది.

మా ఇంటి సంగతి

మా శ్రీమతికి కుడి తుంటి పక్కన నొప్పి మొదలై రెండేళ్లు దాటింది. మొదట్లో మెట్లెక్కేటప్పుడు మాత్రమే ఉండేది. తరువాత రాత్రివేళ కుడిపక్కకు ఒరిగితే మెలకువ వచ్చేది. ఆ తరువాత నడకలో ఒక వైపుకు తూగు కనిపించసాగింది. ఆమె చెప్పినప్పుడల్లా మేము ఇచ్చిన సమాధానం ఒక్కటే: "సహనం వహించు. వయసు మీదపడుతున్నది కదా!" నూనె మర్దన చేసుకోమన్నాము. నొప్పి మాత్రలు తెచ్చి ఇచ్చాము. అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాము.

ఆమెకు ఒక కోరిక ఉంది. పండుగ ఖర్చులలో మిగిల్చుకున్న డబ్బును ఏళ్ల తరబడి కూడబెట్టి ఉమ్రాకు వెళ్లాలని సంకల్పించింది. కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు, సఫా మర్వాల నడుమ ఏడు సార్లు నడక. సయీ ఒక్కటే మూడు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. "చక్రాల కుర్చీ దొరుకుతుందిలే, దిగులెందుకు?" అని ఒకనాడు తేలికగా అన్నాము. ఆమె మాట్లాడలేదు. కొంతసేపటికి, "హాజిరా అమ్మ పరుగెత్తిన చోట నేను నాలుగు అడుగులైనా నా కాళ్లతో వేయాలనుకున్నానండీ" అన్నది. ఆ మాట మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

కొద్దిరోజులకే, ఒక ఫజ్ర్ వేళ సజ్దాలోకి వెళ్లిన ఆమె లేవలేకపోయింది. పుట్టింటికి వచ్చి ఉన్న మా అమ్మాయి పట్టుకుని లేపింది. నమాజు ముగించి మసీదు నుంచి ఇంటికి వచ్చిన మాతో, "అబ్బా! మీ మదరసాలో ఒక పిల్లవాడు కుంటుతూ వస్తే మీరు రెండేళ్లు ఊరుకునేవారా?" అని అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. ముప్పయ్యేళ్లుగా పిల్లలకు సహనం గురించి పాఠం చెబుతున్నాము. చికిత్స చేయించుకోగలిగిన బాధను భరించమని మరొకరికి చెప్పడం సహనం బోధించడం కాదనీ, అది మన నిర్లక్ష్యానికి ధర్మం పేరు తొడగడమేననీ ఆ ఉదయం మాకు అర్థమైంది.

ఒంటికాలి పరీక్ష

డాక్టరుగారు పరీక్షించి, ఎక్స్‌రే తీయించి, కీలు అరిగిపోలేదని చెప్పారు. నొప్పి కీలు లోపల లేదు. తుంటి పక్కన ఎముక ఉబ్బెత్తుగా తగిలే చోట, కండరాల కొసలు ఎముకను పట్టుకునే దగ్గర ఉంది. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య స్త్రీలలో ఇది తరచుగా కనిపిస్తుందని చెప్పి, ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపించారు.

ఆమె ఒక యువతి. మా శ్రీమతిని గోడ దగ్గర నిలబెట్టి, ఎడమ కాలు ఎత్తి కుడి కాలిపై అరనిమిషం నిలబడమన్నారు. కొన్ని క్షణాలకే నడుముకు ఎడమ వైపు కిందికి జారిపోయింది. పడిపోకుండా ఉండటానికి పైశరీరం కుడి వైపుకు ఒరిగింది. నడకలో మేము చూసిన తూగు అదే. ఈ పరీక్షను 1895లో జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ వివరించారు. ఏ పరికరమూ అక్కరలేని ఈ పరీక్షను నేటికీ వైద్యులు ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

తోడుగా వెళ్లి కుర్చీలో కూర్చున్న మమ్మల్ని చూసి ఆ యువతి, "హజ్రత్, మీరూ ఒకసారి నిలబడి చూడండి" అన్నారు. మాకేమి నొప్పి లేదు గనుక ధీమాగా లేచాము. కుడి కాలిపై బాగానే నిలబడ్డాము. ఎడమ కాలిపై పది అంకెలు లెక్కించేలోగా కుడి నడుము దిగజారింది, చేయి గోడను వెతుక్కుంది. మా శ్రీమతి దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజుల తరువాత ఆమె నవ్వడం అదే.

పక్క కండరాల పని ఏమిటి?

మన తుంటి ఎముక రెక్క బయటి భాగం నుంచి బయలుదేరి, తొడ ఎముక పైకొసన ఉన్న ఉబ్బును పట్టుకునే కండరాలు రెండు ఉన్నాయి. వాటిని గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ అంటారు. వాటికి ముందు వైపున, తొడ బయటి అంచు వెంట మోకాలి దాకా సాగే గట్టి పట్టీని బిగించే చిన్న కండరం మరొకటి ఉంది. కాలును పక్కకు చాపడం ఈ కండరాల పని అని పుస్తకాలు చెబుతాయి. కాని మనం రోజంతా కాలును పక్కకు చాపుతూ ఉండము కదా! వాటి అసలు పని వేరే ఉంది.

నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ కొంతసేపు మన శరీరమంతా ఒంటికాలిపైనే నిలుస్తుంది. ఆ క్షణంలో రెండో వైపు నడుము కిందికి జారాలి. జారకుండా పట్టి ఉంచేవి ఈ కండరాలే. తక్కెడను తలచుకోండి. తుంటి కీలు తక్కెడ ముల్లు వంటిది. ఒక వైపు పొడవాటి దండెకు శరీర బరువు వేలాడుతుంది. రెండో వైపు పొట్టి దండెను పట్టుకుని ఈ కండరాలు లాగాలి. దండె పొట్టిది గనుక బరువు కంటే ఎంతో ఎక్కువ బలంతో లాగవలసి వస్తుంది. అందుకే ఒంటికాలిపై నిలిచినప్పుడు తుంటి కీలుపై శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. రోజుకు వేలసార్లు ఈ పని జరుగుతుంది.

ఈ కండరాలు బలహీనపడితే ఏమవుతుంది? నడుము జారుతుంది, నడక తూగుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది, దానివలన మోకాలిపై భారం పెరుగుతుంది. తడి నేలపై కాలు జారినప్పుడు పక్కకు అడుగు వేసి నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. వయసు మళ్లినవారు ఎక్కువగా పక్కకు పడినప్పుడే తుంటి ఎముక విరుగుతుంది. ఆ ఒక్క పడటంతో మంచం పట్టి మరి లేవని పెద్దలు మన బంధువర్గంలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఎముక గట్టిదనాన్ని గురించి ఆలోచించే మనం, పడకుండా పట్టుకునే కండరాన్ని గురించి ఆలోచించము.

నమాజు ఉండగా వ్యాయామం ఎందుకు?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. "రోజుకు పదిహేడు ఫర్జ్ రకాతులు, ముప్పైనాలుగు సజ్దాలు. ముస్లిముకు వేరే వ్యాయామం ఎందుకు?" అని మేమే ఒక ప్రసంగంలో చెప్పి ఉన్నాము. విన్నవారు తల ఊపారు. ఈ మాటను ఫిజియోథెరపిస్టు ముందు కూడా చెప్పాము. ఆమె ఎంతో మర్యాదగా, "హజ్రత్, నమాజులో కాలు పక్కకు కదిలే సందర్భం ఒకటి చెప్పండి" అని అడిగారు.

ఆలోచించాము. ఖియామ్‌లో నిటారుగా నిలబడతాము. రుకూలో ముందుకు వంగుతాము. సజ్దాలోకి ముందుకే వెళ్తాము, అక్కడి నుంచి పైకే లేస్తాము. ఖాదాలో కూర్చుంటాము. సలాములో మెడ మాత్రమే పక్కకు తిరుగుతుంది. కాళ్ల కదలిక అంతా ముందు వెనుకలకే. సజ్దా నుంచి లేపేవి ప్రధానంగా తొడ ముందు కండరాలు, పిరుదు వెనుక కండరాలు. మోకాళ్లు లోపలికి వాలకుండా, నడుము ఒక పక్కకు ఒరగకుండా దారి తప్పనివ్వనివి పక్క కండరాలు. అవి నమాజుకు అవసరమే. కాని వాటిని పెంచే పని నమాజుది కాదు.

నమాజు ఆరాధన. దానివలన శరీరానికి మేలు కలిగితే అది అదనపు అనుగ్రహం. ఆరాధనను కసరత్తుగా కొలవడం ఆరాధనకూ న్యాయం కాదు, శరీరానికీ న్యాయం కాదు. మన శరీరానికి మనపై హక్కు ఉందన్న బోధను మేము ఎన్నోసార్లు వినిపించాము. ఆ హక్కును వేరుగా చెల్లించవలసినదే.

పైగా మా వంటివారి జీవన విధానం చూడండి. ఫజ్ర్ తరువాత నుంచి జొహర్ దాకా రిహాల్ ముందు నేలమీద బాసిపట్టు. ఇంట్లో స్త్రీలు ఒక కాలిపై భారం వేసి పొయ్యి ముందు గంటల తరబడి నిలబడటం, చంటిబిడ్డను ఎప్పుడూ ఒకే నడుముపై ఎత్తుకోవడం. కండరానికి ఒత్తిడి ఉన్నది, బలం పెంచే పని మాత్రం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా నడకతో సరిపెట్టలేదు. పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని, 65 ఏళ్లు దాటినవారు వారానికి 3 రోజులు నిలకడకూ బలానికీ తోడ్పడే వ్యాయామాలు చేయాలని సూచించాయి.

రబ్బరు పట్టీ ఎంపిక

మాకు సూచించిన సాధనం రెసిస్టెన్స్ బ్యాండ్. అంటే సాగే రబ్బరు పట్టీ. ఇవి రెండు రకాలు. పొడవుగా రిబ్బనులా ఉండేది ఒకటి, గాజులా గుండ్రంగా కలిసి ఉండేది మరొకటి. తుంటి వ్యాయామాలకు గుండ్రని పట్టీ అనువైనది. పొడవు పట్టీనైతే రెండు కొసలు కలిపి ముడివేసుకోవచ్చు. దారంతో నేసిన వెడల్పు పట్టీలూ దొరుకుతాయి. అవి జారవు, చుట్టుకుపోవు. సల్వారుపైన కూడా చక్కగా నిలుస్తాయి.

ఇనుప బరువుకూ దీనికీ తేడా ఉంది. బరువు మొదటి నుంచి చివరి దాకా ఒకే విధంగా ఉంటుంది. పట్టీ సాగినకొద్దీ ఎదురులాగుడు పెరుగుతుంది. ఆరంభంలో తేలికగా, చివరలో గట్టిగా ఉంటుంది. ఎక్కడ ఆగాలో మన శక్తిని బట్టి మనమే నిర్ణయించుకోవచ్చు.

పట్టీలు రకరకాల రంగులలో వస్తాయి. రంగును బట్టి గట్టిదనం మారుతుంది. అయితే అన్ని కంపెనీలదీ ఒకే వరుస కాదు. కనుక రంగు చూసి కాక, అన్నింటిలో మెత్తనిది ఏదో అడిగి తెచ్చుకోండి. రబ్బరు పట్టీని ఎండలో ఉంచితే, నూనె చేతులతో పట్టుకుంటే త్వరగా పాడవుతుంది. వాడే ముందు ప్రతిసారీ వెలుతురులో సాగదీసి చీలిక ఉందేమో చూడాలి. తెగిన పట్టీ కొరడాలా తగులుతుంది. రబ్బరు పాలు పడక దద్దుర్లు వచ్చేవారు ఆ పదార్థం లేనిదని స్పష్టంగా రాసి ఉన్న పట్టీని మాత్రమే వాడుకోవాలి.

అయిదు వ్యాయామాలు

మొదట అయిదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. తరువాత ఈ క్రమంలో చేయండి.

1. పక్కకు పడుకుని మోకాలు తెరవడం: పట్టీని రెండు మోకాళ్లకు కొంచెం పైన వేసుకోవాలి. ఒక పక్కకు పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలు కలిపి ఉంచాలి. మడమలు విడిపోకుండా పై మోకాలిని పైకి తెరవాలి. రెండు అంకెల సేపు నిలిపి, మూడు అంకెల సేపు నెమ్మదిగా దించాలి. నడుము వెనుకకు దొర్లితే ప్రయోజనం పోతుంది. అందుకే వీపును గోడకు ఆనించి చేయడం మంచిది. నొప్పి ఉన్న పక్క కింద ఉండి బాధిస్తే, ఆ వైపు పడుకోవద్దు.

2. వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం: మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించాలి. పట్టీ మోకాళ్లపైనే ఉంటుంది. మోకాళ్లను కొద్దిగా బయటికి నెట్టి పట్టీని బిగువుగా ఉంచుతూ, పిరుదులను పైకి లేపాలి. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒకే వాలుగా రాగానే మూడు అంకెలు నిలిపి దించాలి. ఊపిరి బిగబట్టవద్దు.

3. నిలబడి కాలు పక్కకు చాపడం: కిటికీ ఊచనో, బరువైన కుర్చీ వీపునో పట్టుకోవాలి. పాదం వేళ్లు ముందుకే చూస్తుండగా కాలును జానెడు మేర పక్కకు చాపి నెమ్మదిగా తేవాలి. పైశరీరం రెండో వైపుకు ఒరగకూడదు. కదిలే కాలుకే పని అనుకుంటాము. నిజానికి నిలబడి ఉన్న కాలి తుంటి కూడా అంతే శ్రమిస్తుంది. మొదట పట్టీ మోకాళ్లపైన వేసుకోవాలి. బలం వచ్చాక చీలమండల దగ్గరకు దించితే అదే పట్టీ ఎక్కువ బరువవుతుంది.

4. పక్కకు నడవడం: మోకాళ్లు కొద్దిగా వంచి, కుర్చీలో కూర్చోబోతున్నట్లు నడుము కాస్త వెనుకకు పెట్టి, ఒక వైపుకు ఎనిమిది అడుగులు, తిరిగి రెండో వైపుకు ఎనిమిది అడుగులు వేయాలి. రెండు పాదాలను పూర్తిగా కలపవద్దు. పట్టీ ఏ క్షణంలోనూ వదులు కాకూడదు. అడుగు చప్పుడు లేకుండా, ఊగకుండా వేయాలి. నిలకడ లేనివారు గోడ వెంబడి చేయాలి.

5. కుర్చీలో నుంచి లేవడం: పట్టీ మోకాళ్లపైన వేసుకుని కుర్చీ అంచున కూర్చోవాలి. మోకాళ్లను బయటికి నెట్టి ఉంచుతూ, చేతుల సాయం లేకుండా లేచి నిలబడి, నెమ్మదిగా కూర్చోవాలి. దభీమని కూలబడవద్దు. సజ్దా నుంచి లేవడానికి అతి దగ్గరగా ఉన్న వ్యాయామం ఇదే.

బాగా వృద్ధులైనవారు, నిలబడితే కళ్లు తిరిగేవారు కుర్చీలో కూర్చునే పట్టీని తొడలకు వేసుకుని, మోకాళ్లను బయటికి నెట్టి మూడు అంకెలు ఆపి విడవవచ్చు. మా శ్రీమతి మొదటి రెండు వారాలు చేసినదీ ఇదే.

ఎంత? ఎన్నాళ్లు?

మొదటి రెండు వారాలు ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పది సార్లు, ఒక్క విడత చాలు. రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు. విశ్రాంతి రోజున సాధన చేయలేదని దిగులు పడనక్కరలేదు, కండరం కోలుకుని బలపడేది అప్పుడే. తరువాత రెండు విడతలకు, ఆపైన మూడు విడతలకు పెంచాలి. పదిహేను సార్లు అలవోకగా చేయగలిగితే, ఆ పట్టీ ఇక మీకు పాఠం నేర్పడం లేదని అర్థం. తరువాతి గట్టి పట్టీకి మారాలి. హిఫ్జ్ విద్యార్థికి నిన్నటి సబఖ్ పక్కా కాకుండా కొత్త సబఖ్ ఇవ్వము. వచ్చిన సబఖ్ వద్దనే ఏళ్ల తరబడి ఆపము కూడా. ఇక్కడా అదే పద్ధతి.

తుంటి పక్కన, పిరుదు పైభాగాన వెచ్చగా, అలసటగా అనిపిస్తే సరైన కండరం పనిచేస్తున్నదని గుర్తు. కొద్దిపాటి నొప్పి ఉండవచ్చు. అది మరునాటి ఉదయానికి తగ్గాలి. తగ్గకపోతే మీరు చేసినది ఎక్కువ. మెత్తని పట్టీకి గాని, తక్కువ సార్లకు గాని రండి. ఫలితానికి తొందర పడవద్దు. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

ఎవరు ముందుగా వైద్యుని అడగాలి?

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారు, ఎముక విరిగి అతికినవారు, ఎముకలు గుల్లబారాయని తేలినవారు, గర్భవతులు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా మొదలుపెట్టవద్దు. పడిన తరువాత కాలు నేలపై మోపలేకపోవడం, గజ్జలో తీవ్రమైన నొప్పి, నడుము నుంచి కాలి కిందికి పాకే తిమ్మిరి, నొప్పితో పాటు జ్వరం, ఏ భంగిమలో ఉన్నా తగ్గని రాత్రి నొప్పి... వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్ష, తరువాతే పట్టీ.

అలవాట్లలో చిన్న మార్పులు

పక్క తుంటి నొప్పి ఉన్నవారికి వ్యాయామం సగం మందు. మిగతా సగం, ఆ చోటును నలిపే అలవాట్లు మానడం. కుడిపక్కకు ఒరిగి నిద్రించడం ప్రవక్త (స) సంప్రదాయమని మనకు ప్రీతి. ఆ పక్కనే నొప్పి ఉన్నప్పుడు గట్టి నేలపై పరుపు లేకుండా పడుకుంటే బాధ పెరుగుతుంది. మెత్తని పరుపు వేసుకోండి. రెండో పక్కకు తిరిగి, మోకాళ్ల నడుమ దిండు పెట్టుకోండి. నయమైన తరువాత ఇష్టమైన పక్కకు రావచ్చు. రోగికి సౌలభ్యం ఉన్నదే కదా!

కాలు మీద కాలు వేసుకుని గంటల తరబడి కూర్చోవద్దు. పొయ్యి దగ్గర రెండు కాళ్లపై సమంగా నిలబడండి. మనవలను ఒకే నడుముపై కాక మార్చి మార్చి ఎత్తుకోండి. మేము కూడా పాఠం మధ్యలో అరగంటకు ఒకసారి లేచి నిలబడి చదివిస్తున్నాము. పిల్లలు మొదట వింతగా చూశారు, ఇప్పుడు వారూ లేచి నిలబడుతున్నారు.

ఇల్లాలికి ఇరవై నిమిషాలు

"బయట నడవడానికి వీలుపడదు, వ్యాయామశాలకు పోలేము" అన్నది మన ఇళ్లలో స్త్రీలు చెప్పే న్యాయమైన ఇబ్బంది. ఈ పట్టీకి కావలసినది ఒక చాప, మూసుకునే తలుపు, ఇరవై నిమిషాలు. చాప ఉంది, తలుపు ఉంది. లేనిది ఆ ఇరవై నిమిషాలే. అసర్ తరువాత టీ కోసం మేము ఎదురుచూస్తాము, మగ్రిబ్ తరువాత పిల్లలు అన్నం కోసం. ఆమె చాప పరిచిన మూడోరోజే ఎవరో పిలిచారు. వ్యాయామం ఆగిపోయింది.

దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో తమ కుటుంబానికి తోడ్పడేవారని హదీసు పాఠంలో ఏటేటా చెబుతున్నాము. మా ఇంట్లో ఆ పాఠం అమలు కావడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు అసర్ టీ మేమే కాచుకుంటున్నాము. తలుపు కొట్టినవారికి మేమే సమాధానం చెబుతున్నాము. మొదటి వారం టీలో చక్కెర ఎక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు. పట్టీ ఖరీదు కాని, డాక్టరు ఫీజు కాని కాదు, ఆమెకు అసలు అవసరమైన సాయం ఇదేనని ఆలస్యంగా గ్రహించాము.

ఇప్పుడు...

మొదలుపెట్టి ఆరో నెల. అల్‌హమ్దులిల్లాహ్, రాత్రి నొప్పి పోయింది. మూడో నెలలో ఆమె కుర్చీ పక్కకు పెట్టి నేలమీద నమాజు మొదలుపెట్టింది. తొలిరోజుల్లో లేచేటప్పుడు ఒక చేయి నేలకు ఆనించేది, ఇప్పుడు ఆ అవసరం కలగడం లేదు. తూగు పూర్తిగా పోలేదు. అలసిన రోజున సాయంత్రం కనిపిస్తుంది. ఫజ్ర్ తరువాత ఇద్దరం కాలువ గట్టు వెంబడి నడుస్తున్నాము. మొదట వంతెన దాకా వెళ్లి తిరిగి వచ్చేవారము. ఇప్పుడు మూడు కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఎందుకు ఎంచుకున్నదో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. ఎడమ కాలిపై మేము కూడా ముప్పై అంకెలు నిలబడగలుగుతున్నాము.

ప్రియ పాఠకులారా! ఈ వ్యాసం చదివి పక్కన పెట్టే ముందు ఒక పని చేయండి. గోడకు దగ్గరగా నిలబడి, ఒక కాలు ఎత్తి అరనిమిషం నిలవండి. తరువాత రెండో కాలు. ఆపైన మీ ఇంట్లో అమ్మను, భార్యను, అత్తమామలను దగ్గరుండి పట్టుకుని ఇదే పరీక్ష చేయించండి. ఎవరి నడుము జారినా, "వయసు మీదపడింది" అన్న మాటను నోటి దాకా రానివ్వకండి. నొప్పి ఉంటే వైద్యునికి చూపించండి, లేకుంటే మెత్తని పట్టీ ఒకటి తెచ్చి ఇవ్వండి. దానితో పాటు మీ సమయంలో ఇరవై నిమిషాలు కూడా ఇవ్వండి.

మా నేలపై నడిచినంతకాలం నిలకడగా నడిపించమని, సజ్దా చేయాలని మనసు కోరినప్పుడు దేహం కూడా తోడు వచ్చేలా చేయమని, మా నిర్లక్ష్యం వలన బాధపడినవారి ముందు మమ్మల్ని సిగ్గుపడనివ్వవద్దని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.